నల్ల మిషన్ తర్వాత ఏమిటి? ఏ ఏర్పాటు ఉంటే ఏ పని కుట్టగలం?

పద్మజ, తెనాలి

అందరికీ నమస్కారమండి. ఇంట్లోనే బ్లౌజులు, పంజాబీ డ్రెస్సులు కుడుతుంటాను. నా దగ్గరున్నది అమ్మ వాడిన నల్ల మిషన్. తొక్కుడుదే, తర్వాత మోటారు బిగించాం. లైనింగ్ బ్లౌజైనా, మెడకి పైపింగైనా దాని మీద కుడితే గీత గీసినట్టు పడుతుంది. దాని మీద నాకే ఫిర్యాదూ లేదు.

కానీ వచ్చేవాళ్ళు అడిగేవి మారాయి. పిల్లాడి టీషర్టు కింది అంచు ఊడిందని తెస్తారు. లాంగ్ ఫ్రాకుకి బయటికి కనపడని జిప్ వేయమంటారు. కుర్తాకి కాజాలు, చీరకి పీకో. ఇవన్నీ బజారుకి పంపించి చేయిస్తున్నాను, వాళ్ళు ఇచ్చినప్పుడే నేను ఇవ్వాలి.

కొత్త మిషన్ చూద్దామని షాపుకి వెళ్తే డయల్ తిప్పి ఆకుల కుట్టు, పువ్వుల కుట్టు చూపిస్తున్నారు. ఇన్ని రకాలున్నాయి, అన్ని రకాలున్నాయి అంటారు. నాకు కావాల్సింది వేరే. మిషన్‌లో ఏ ఏర్పాటు ఉంటే ఏ పని చేయగలుగుతాం? ఏది లేకపోయినా ఫరవాలేదు? వాడినవాళ్ళు చెప్పండి.

మిషన్ మెకానిక్, బెజవాడ

అమ్మా, ముందు ఒక మాట. ఏది కొన్నా నల్ల మిషన్ అమ్మొద్దు. సూటి కుట్టుకి దాన్ని మించింది ఇంటి మిషన్లలో దొరకదు. సూది దిగే రంధ్రం సన్నగా గుండ్రంగా ఉంటుంది కాబట్టి పల్చటి బట్ట లోపలికి నొక్కుకుపోదు. జిగ్‌జాగ్ మిషన్లలో ఆ రంధ్రం అడ్డంగా, వెడల్పుగా ఉంటుంది. షిఫాన్ కుట్టేటప్పుడు ఆ తేడా బాగా తెలుస్తుంది.

ఇక మీ ప్రశ్న. కుట్లెన్ని రకాలన్న లెక్క పక్కన పెట్టండి. మిషన్‌లో ఏవి కదులుతాయి, ఆ కదలికని మన చేత్తో ఎంతవరకు మార్చుకోగలం, అది చూడండి. నల్ల మిషన్‌లో సూది పైకీ కిందకీ తప్ప ఎటూ పోదు. కింద ప్లేటులోంచి పైకి లేచే పళ్ళు బట్టని ముందుకో వెనక్కో లాగుతాయి. ఎలియస్ హోవ్ 1846లో పేటెంట్ తీసుకున్న లాక్‌స్టిచ్, అంటే పైదారం, కింది బాబిన్ దారం బట్ట మధ్యలో మెలిక పడే కుట్టు, మీరు రోజూ వేసేది అదే. ఆ సూదికి పక్కకి ఊగే గుణం కూడా వస్తే జిగ్‌జాగ్. దానికి 1873లో అమెరికాలో హెలెన్ బ్లాంచర్డ్ అనే ఆవిడ పేటెంట్ తీసుకున్నారు.

షాపువాళ్ళు చూపించే ఆకులు, పువ్వులే కాదు, కాజా, అంచు కుట్టు, బ్లైండ్ హెమ్ అనే బయటికి కనపడని అంచు మడత కుట్టు, అన్నీ ఆ ఊగడంలోంచి వచ్చినవే. సూది పక్కకి ఎంత జరగాలి, అదే సమయంలో పళ్ళు ఎంత లాగాలి అన్న లెక్క మారితే కుట్టు రూపం మారుతుంది. అందుకని నేను చూసేది నాలుగే:

జిగ్‌జాగ్ వెడల్పు, కుట్టు పొడవు రెండూ విడివిడిగా మార్చుకునే వీలుందా? చౌక మోడళ్ళలో డయల్ మీద ఏ బొమ్మ పెడితే ఆ వెడల్పు, ఆ పొడవే వస్తాయి, మన ఇష్టం నడవదు. రెండోది, సూటి కుట్టులో సూదిని ఎడమకీ కుడికీ జరిపి ఆపుకోగలమా? మూడోది, పళ్ళు కిందకి దింపే మీట ఉందా? నాలుగోది, బట్టని పైనుంచి నొక్కి పట్టే పాదం ఉంది కదా, దాని ఒత్తిడి తగ్గించే ఏర్పాటు ఉందా? ఈ నాలుగూ ఉన్న మిషన్‌లో పది రకాల కుట్లే ఉన్నా మీరు చేయలేని పని అరుదు. ఇవి లేని మిషన్‌లో వంద రకాల కుట్లున్నా పనికొచ్చేవి కొన్నే.

సరిత, కరీంనగర్

పద్మజక్కా, నేను గూడ నల్ల మిషన్ మీదనే నేర్చుకున్న. మా మహిళా సంఘంల స్కూల్ యూనిఫారాలు కుడతం. అంగీలకు కాజాలు మస్తు కావాలె. రోజుకు గన్ని కాజాలంటే ఇంటి మిషన్‌తోటి కాదు, కాజా మిషన్ షాపుకే పంపుతం. కాని మీరు అప్పుడొకటి అప్పుడొకటి కుర్తా కుడతరంటే ఇంట్ల జిగ్‌జాగ్ మిషన్ సరిపోతది.

కాజాలల్ల రెండు తీర్లుంటయి. ఒకటి నాలుగు మెట్ల కాజా, డయల్ మనమే ఒక్కో మెట్టుకు తిప్పాలె: ఒక పక్క, పైన అడ్డం, ఇంకో పక్క, కింద అడ్డం. ఇంకోటి ఒక్క మెట్టు కాజా. పాదం ఎనక గుండీ పెట్టేటందుకు జాగ ఉంటది, గుండీ ఎంత ఉంటే కాజా అంతే వస్తది. అన్ని కాజాలు ఒక్క తీరుగ రావాలంటే ఈ రెండోదే మంచిగుంటది. కొనేటప్పుడు గిది మాత్రం అడగండి.

కాజా కింద కాన్వాస్ ముక్క పెట్టకుండ కుట్టొద్దు. కోసేటప్పుడు చివరన గుండుసూది అడ్డం గుచ్చి కొయ్యాలె, లేకుంటే కత్తి జరిగి కుట్టు తెగుతది.

రఫీ మాస్టర్, హైదరాబాద్

నాది వేరే అభిప్రాయం. మీరు ఇది జీవనాధారంగా చేస్తున్నారు కాబట్టి జిగ్‌జాగ్ ఇంటి మిషన్ కంటే ముందు ఓవర్‌లాక్ పెట్టుకోండి. బ్లౌజు తిప్పి చూసే కస్టమర్లే ఇప్పుడు ఎక్కువ. లోపల అంచులు ఓవర్‌లాక్ చేసి ఉంటే పనికి విలువ వేరు. జిగ్‌జాగ్‌తో అంచు వేయొచ్చు, నిజమే. కానీ ఓవర్‌లాక్ మిషన్‌కి కత్తి ఉంటుంది. అంచుని సమంగా కోస్తూనే మూడు దారాలతో చుట్టేస్తుంది. నాలుగు దారాలదైతే టీషర్టు, లెగ్గింగ్ పక్క కుట్లు కూడా అదే వేస్తుంది, సాగినా తెగదు. జిగ్‌జాగ్‌తో ఆ అంచు వేయడానికి పట్టే సమయం ఎంతో లెక్క వేసుకోండి.

సూటి కుట్టుకి పవర్ మిషన్, అంటే ఫ్యాక్టరీల్లో వాడే రకం. నిమిషానికి నాలుగు, ఐదు వేల కుట్ల దాకా పోతుంది, ఇంటి మిషన్లు 800 చుట్టుపక్కలే. పాత క్లచ్ మోటారు స్విచ్ వేసినప్పటి నుంచి తిరుగుతూనే ఉంటుంది, మనం కుట్టకపోయినా కరెంటు లాగుతుంది. సర్వో మోటారు తొక్కినప్పుడే తిరుగుతుంది, చప్పుడు తక్కువ, వేగం ఎంతకి మించకూడదో ముందే పెట్టుకోవచ్చు. కొత్తగా నేర్చుకునే ఆడపిల్లలకి వేగం తగ్గించి పెడితే భయం లేకుండా కుడతారు.

కీర్తన, బెంగళూరు

మాస్టర్ గారూ, బ్లౌజుల పని వరకు మీ మాట ఒప్పుకుంటాను. కానీ పద్మజ గారు రాసిన జాబితా చూడండి: టీషర్టు అంచు, జిప్, కాజా, పీకో. ఓవర్‌లాక్ ఇందులో ఏదీ పూర్తిగా తీర్చదు. ఆవిడకి తక్కువ చోటులో నాలుగు రకాల పనులు కావాలి.

పద్మజ గారూ, ఇందులో జిప్ పని మీ నల్ల మిషన్ మీదే అవుతుంది, కొత్త మిషన్ అక్కర్లేదు. కన్సీల్డ్ జిప్ ఫుట్, అంటే కనపడని జిప్ కుట్టే పాదం, విడిగా దొరుకుతుంది. దాని కింద సన్నటి గాడి ఉంటుంది. జిప్ పళ్ళు లోపలికి చుట్టుకుని ఉంటాయి కదా, ఆ గాడి వాటిని నిలబెడుతుంది, సూది సరిగ్గా పళ్ళ మొదట్లో పడుతుంది. కుట్టే ముందు జిప్ తెరిచి, లోపలి వైపు నుంచి ఇస్త్రీ తక్కువ వేడిలో పెట్టి పళ్ళని విప్పదీసి నొక్కండి. నైలాన్ జిప్ కాబట్టి వేడి ఎక్కువైతే కరుగుతుంది. రెండు పక్కలూ పైనుంచి కిందకే కుట్టండి. ఒకటి కిందకీ ఒకటి పైకీ కుడితే నడుము దగ్గర అతుకు కలవదు.

ఫుట్ కొనేముందు మీ మిషన్ షాంక్ కొలవండి. పాదం దింపి, పాదం అడుగు నుంచి అది బిగించే స్క్రూ మధ్య వరకు ఎంత ఉందో చూడాలి. ముప్పావు అంగుళం ఉంటే లో షాంక్, ఇంటి మిషన్లలో ఎక్కువ అదే. అంగుళం, అంతకి మించి ఉంటే హై షాంక్. ఇది చూసుకోకుండా తెప్పిస్తే సూది వెళ్ళి పాదానికి తగులుతుంది.

జిగ్‌జాగ్ మిషన్‌లో సూదిని పక్కకి జరుపుకోగలగడం పైపింగ్‌కి ఎంత సుఖమో చెప్పలేను. నల్ల మిషన్‌లో తాడు పక్కనే కుట్టు పడాలంటే సింగిల్ ఫుట్ వేయాలి, రెండో పక్కకి పాదం మార్చాలి. ఇందులో పాదం అలాగే ఉంచి సూదినే తాడుకి ఆనించేయొచ్చు.

పద్మజ, తెనాలి

కీర్తన గారూ, జిప్ సంగతి చెప్పి బరువు దించారు. రేపే ఫుట్ కొంటాను. మాస్టర్ గారూ, ఓవర్‌లాక్ గురించి కూడా ఆలోచిస్తున్నాను, కాదనను.

ఇంకో సందేహం. రెడీమేడ్ టీషర్టు కింద పైన రెండు వరుసలు సమానంగా ఉంటాయి. జంట సూది వేస్తే అలా వస్తుందని ఒకరు చెప్పారు. ఆ సూది నా నల్ల మిషన్‌కి పెట్టుకోవచ్చా?

మిషన్ మెకానిక్, బెజవాడ

పెట్టకూడదమ్మా. జంట సూది అంటే ఒకే కాడకి రెండు సూదులు పక్కపక్కన ఉంటాయి. నల్ల మిషన్ రంధ్రం ఒక్క సూదికే సరిపోతుంది, రెండోది ప్లేటుకి తగిలి విరుగుతుంది. పైగా మీ మిషన్‌లో దారం సూదికి పక్కనుంచి ఎక్కిస్తారు. జంట సూదికి ముందు నుంచి వెనక్కి ఎక్కించే మిషన్, వెడల్పు రంధ్రం ఉన్న జిగ్‌జాగ్ ప్లేటు, రెండూ కావాలి.

అలాంటి మిషన్ ఉంటే మాత్రం చక్కటి ఏర్పాటు. పైన రెండు దారాలు, కింద బాబిన్ దారం ఒక్కటే. ఆ కింది దారం రెండు వరుసల మధ్య అటూ ఇటూ పోతూ పట్టుకుంటుంది కాబట్టి కింద జిగ్‌జాగ్ లాగా కనపడుతుంది, అందుకే కుట్టు కొంత సాగుతుంది. రెడీమేడ్‌వాళ్ళు వాడేది కవర్‌స్టిచ్ మిషన్, అది వేరే జాతి, అది ఇంకా ఎక్కువ సాగుతుంది. ఇంటి వాడకానికి జంట సూది చాలు.

సూది ప్యాకెట్ మీద రెండు అంకెలుంటాయి. 4.0/80 అని ఉంటే సూదుల మధ్య దూరం 4 మిల్లీమీటర్లు, సూది మందం 80. మీ మిషన్ జిగ్‌జాగ్ వెడల్పు 5 మి.మీ. అయితే 4.0 దాన్ని సూటి కుట్టుకే వాడాలి, సూది నడిమధ్యలో ఉండాలి. పొరపాటున జిగ్‌జాగ్‌లో పెట్టి తొక్కితే విరిగిపోతుంది. మొదటి కుట్లు చక్రం చేత్తో తిప్పి, తగలట్లేదని చూశాకే మోటారు తొక్కండి. చాలా మోడళ్ళలో వెడల్పు 5 మి.మీ. దాకా ఉంటుంది, కొన్ని కంప్యూటర్ మోడళ్ళలో 7 మి.మీ.

సరిత, కరీంనగర్

బనీను బట్టకు సూది ముచ్చట గూడ చెప్పాలె. మామూలు సూది మొన సూటిగ ఉంటది, బనీను బట్టల పోగు తెంపుతది. ఉతికినంక చిన్న చిన్న రంధ్రాలు పడతయి. బాల్ పాయింట్ సూది అని దొరుకుతది, మొన గుండ్రంగ ఉంటది, పోగును పక్కకు జరిపి దిగుతది. కుట్లు ఎగిరిపోతున్నయంటే సగం సార్లు మిషన్ తప్పు గాదు, సూది తప్పే.

కీర్తన, బెంగళూరు

సరిత గారు చెప్పింది అక్షరాలా నిజం. జార్జెట్, షిఫాన్‌కి 9 నంబరు, పట్టుకీ పల్చటి కాటన్‌కీ 11, మామూలు కాటన్‌కి 14, జీన్స్‌కి 16. ఈ నాలుగు డబ్బాలో ఉంచుకుంటే చాలు. అన్నిటికీ ఒకే 16 సూది వాడే చోట పట్టు బ్లౌజుల మీద కుట్టు వెంట రంధ్రాలు కనపడుతుంటాయి.

టీషర్టుకి ఇంకో మార్గం మూడు మెట్ల జిగ్‌జాగ్. మామూలు జిగ్‌జాగ్‌లో సూది ఒక్క అంగలో అటు నుంచి ఇటు వస్తుంది. ఇందులో అదే దూరం మూడు చిన్న కుట్లుగా వస్తుంది, బట్ట ముడుచుకోదు. లెగ్గింగ్ నడుముకి ఎలాస్టిక్ వేయడానికి నేను దీన్నే వాడతాను.

వరలక్ష్మి, రాజమండ్రి

పిల్లలూ, అన్నీ బాగానే చెబుతున్నారు. ఒక్క సంగతి మాత్రం గట్టిగా చెప్పాలని రాస్తున్నాను. బ్లైండ్ హెమ్ ఫుట్ ఉంది కదా అని పట్టుచీరకి మిషన్ మీద ఫాల్ కుట్టకండి. పట్టులో సూది గుచ్చిన చోట మచ్చ ఉండిపోతుంది, మళ్ళీ ఫాల్ మార్చాల్సి వస్తే ఆ వరుసంతా చీర కుచ్చిళ్ళ మీద కనపడుతుంది. పైగా చీర ఒక తీరుగా, ఫాల్ ఒక తీరుగా ముడుచుకుంటాయి. మిషన్ కుట్టు బిగువుగా ఉంటే ఉతికాక అంచు ముడతలు పడుతుంది. చేత్తో హెమ్మింగ్ చేస్తే పోగు వదులుగా ఉంటుంది, చీర పారాడినట్టు పారాడనిస్తుంది. ఫాల్‌ని ముందు నీళ్ళలో నానబెట్టి ఆరబెట్టాకే కుట్టాలి.

ప్యాంటు కింది అంచుకి, కర్టెన్లకి బ్లైండ్ హెమ్ వేసుకోండి, అక్కడ అది దివ్యంగా ఉంటుంది. చీరకి వద్దు.

రఫీ మాస్టర్, హైదరాబాద్

అమ్మగారి మాటకి నా ఓటు కూడా. ఫాల్ చేతి పనే.

పద్మజ, తెనాలి

వరలక్ష్మమ్మ గారూ, నేనూ ఫాల్ చేత్తోనే వేస్తాను, అది మార్చను. మరి పీకో? ఇంటి జిగ్‌జాగ్ మిషన్‌తో వస్తుందా, బజార్లో వేసే పెద్ద మిషనే కావాలా?

మిషన్ మెకానిక్, బెజవాడ

వస్తుంది. రోల్డ్ హెమ్ ఫుట్ అని ఒకటి ఉంటుంది, ముందు భాగంలో నత్తగుల్ల మలుపులా చిన్న చుట్టు ఉంటుంది. బట్ట అంచుని అందులోకి ఎక్కిస్తే తనంతట తనే చుట్టుకుంటూ పోతుంది, దాని మీద జిగ్‌జాగ్ పడాలి. సూది ఎడమకి వచ్చినప్పుడు బట్టలో దిగాలి, కుడికి వెళ్ళినప్పుడు అంచు దాటి బయట గాలిలో దిగాలి. అప్పుడే దారం అంచుని చుట్టుకుంటుంది. పొడవు 1 మి.మీ. దగ్గర పెట్టి, వెడల్పు అంచు మందాన్ని బట్టి సర్దుకోండి. అందుకే పొడవు, వెడల్పు విడివిడిగా మారాలని మొదట్లో చెప్పాను. డయల్‌కే కట్టుబడిన మిషన్‌తో పీకో మనకి కావాల్సినట్టు రాదు.

రోజుకి రెండు మూడు చీరలకి ఇంటి మిషన్ చాలు. షాపులో పది, ఇరవై చీరలు వేసేవాళ్ళు వాడేది బరువైన జిగ్‌జాగ్ మిషన్, దాని మోటారు ఆ పనికి తట్టుకుంటుంది. మీ చిన్న మిషన్‌కి ఆ బరువు పెట్టకండి, వేడెక్కుతుంది.

అనూష, డాలస్

తెనాలి అనగానే ఆగి చదివాను, మా అమ్మమ్మగారి ఊరు అటువైపే. ఇక్కడ నా దగ్గర కంప్యూటర్ మిషన్ ఉంది. సూది ఆగినప్పుడు పైన ఉండాలా, బట్టలో దిగి ఉండాలా అని ముందే చెప్పొచ్చు. మెడ గుండ్రం కుట్టేటప్పుడు సూది బట్టలోనే ఆగితే పాదం ఎత్తి బట్ట తిప్పుకోవడం ఎంత హాయో! పెడల్ లేకుండా బటన్ నొక్కి కుట్టే వీలూ ఉంది. అమ్మకి మోకాళ్ళ నొప్పులు, తొక్కలేకపోతోంది. వచ్చేటప్పుడు ఇలాంటిదే ఒకటి ఇక్కడ కొని తీసుకొద్దామనుకుంటున్నాను. ఎవరైనా తెచ్చారా?

మిషన్ మెకానిక్, బెజవాడ

తేవద్దమ్మా. అమెరికాలో కరెంటు 120 వోల్టులు, మనది 230. ప్లగ్ మార్చే అడాప్టర్ పెట్టి గుచ్చితే వోల్టేజీ మారదు, బోర్డు కాలిపోతుంది. స్టెప్ డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ పెట్టి నడపొచ్చు. కానీ అమ్మగారు ఒక్కరే ఉన్నప్పుడు ఎవరైనా తెలియక నేరుగా గోడకి గుచ్చితే అంతే సంగతులు. పాడైతే ఆ మోడల్ విడిభాగాలు ఇక్కడ దొరకవు, వారంటీ వర్తించదు. ఆ డబ్బుతో ఇక్కడే 230 వోల్టుల కంప్యూటర్ మోడల్ కొనండి, స్టార్ట్ స్టాప్ బటన్ ఉన్నవి ఇక్కడా వస్తున్నాయి. తేవాలంటే ఫుట్‌లు, సూదులు తెండి. లో షాంక్ ఫుట్‌లు ఎక్కడివైనా ఇక్కడి లో షాంక్ మిషన్లకి పడతాయి.

మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళకి ఆ బటన్ నిజంగా వరం. మా దగ్గరికి వచ్చే పెద్దవాళ్ళలో కుట్టు మానేసినవాళ్ళు చాలామంది కాళ్ళ వల్లే మానేశారు.

అనూష, డాలస్

చాలా థాంక్సండి. అయితే మిషన్ అక్కడే, ఫుట్‌లు ఇక్కడి నుంచి. కరెంటు పోతే ఎలా అని అమ్మ అడుగుతోంది.

వరలక్ష్మి, రాజమండ్రి

తొక్కుడు మిషన్ కూడా ఉంచుకోమను తల్లీ. కరెంటు లేనప్పుడు ఆడపిల్ల ఎవరైనా తొక్కి పెడుతుంది.

హసీనా, నెల్లూరు

పళ్ళు దింపే మీట గురించి ఎవరూ వివరంగా రాయలేదు, నాకు ప్రాణమైన విషయం అదే. నేను మిషన్ ఎంబ్రాయిడరీ చేస్తాను. పళ్ళు పైకి ఉన్నంతసేపు బట్ట ఎటు పోవాలో మిషనే నిర్ణయిస్తుంది. దింపేస్తే బట్ట మన చేతిలోకి వస్తుంది. ఫ్రేమ్‌లో బట్ట బిగించి, రెండు చేతులతో ఫ్రేమ్‌ని ఎటు కదిపితే అటు కుట్టు పడుతుంది. సూటి కుట్టుతో గీతలు, జిగ్‌జాగ్‌తో ఆకు నింపుడు. వేగంగా తొక్కి నెమ్మదిగా కదిపితే కుట్లు దట్టంగా పడతాయి, అటుదిటైతే దూరం దూరంగా. చేతికీ కాలికీ పొత్తు కుదరాలి. అది రావడానికి సాధన తప్ప దారి లేదు.

మామూలు పాదం తీసేసి డార్నింగ్ ఫుట్ వేయాలి. అది సూదితో పాటు ఎగిరి దిగుతుంది, బట్ట కదపడానికి వీలిస్తుంది. పాదం ఏదీ లేకుండా చేసేవాళ్ళున్నారు గానీ వేలు సూది కిందకి పోయే ప్రమాదం ఉంది, నేర్చుకునేవాళ్ళు అలా చేయొద్దు. పాదం లేకపోయినా పాదం దింపే మీట మాత్రం దింపే ఉంచాలి, లేకపోతే పైదారానికి బిగువు రాక కింద దారం గుత్తులు పడుతుంది.

పద్మజ గారూ, మీ నల్ల మిషన్ మీద కూడా ఇది చేయొచ్చు. కొన్నిటికి పళ్ళు దింపే స్క్రూ ఉంటుంది, లేనివాటికి పళ్ళ మీద మూసే చిన్న ప్లేటు దొరుకుతుంది. చిరిగిన జీన్స్ రఫ్ఫు చేయడానికీ ఇదే పద్ధతి. బ్లౌజు చేతికి చిన్న పువ్వు వేసి చూడండి. మగ్గం వర్క్ చేయించుకునే స్తోమత లేనివాళ్ళు సంతోషంగా అడుగుతారు.

పద్మజ, తెనాలి

హసీనా గారూ, ఇది నాకసలు తట్టని దారి. నా మిషన్ కింద స్క్రూ ఉందేమో ఈ రాత్రే చూస్తాను.

కీర్తన, బెంగళూరు

వాకింగ్ ఫుట్ గురించి కూడా చెప్పాలి. పాత చీరలతో బొంతలు కుట్టేవాళ్ళకి ఇది తప్పనిసరి. మామూలు మిషన్‌లో కింది పొరని పళ్ళు లాగుతాయి, పై పొర పాదం కింద రాసుకుంటూ వెనకబడుతుంది. నాలుగైదు పొరలైతే చివరికి వచ్చేసరికి పై చీర జానెడు మిగులుతుంది. వాకింగ్ ఫుట్‌కి పైన కూడా పళ్ళుంటాయి. దాని చెయ్యి సూది బిగించే స్క్రూ మీద ఆనుతుంది, సూది లేచినప్పుడల్లా పై పొరని కూడా కింది పొరతో సమంగా నడిపిస్తుంది. గళ్ళ బట్టలో గళ్ళు కలపాలన్నా ఇదే. కుట్టు పొడవు 3 నుంచి 4 మి.మీ. పెట్టి, బొంత మధ్యలోంచి అంచులకి కుట్టుకుంటూ పోవాలి. వేగంగా తొక్కొద్దు, వెనక్కి కుట్టడానికి కూడా అది తయారైంది కాదు.

వెల్వెట్‌కి పాదం ఒత్తిడి తగ్గించాలి, లేకపోతే పాదం నడిచిన దారి మచ్చలా మిగులుతుంది. నల్ల మిషన్‌లో పాదం కడ్డీ పైన ఉండే స్క్రూ ఇందుకే. చాలామంది దాన్ని ఏళ్ళ తరబడి ముట్టుకోరు. షిఫాన్‌కి కూడా అది కాస్త వదులు చేసి, కింద తెల్ల కాగితం పెట్టి కుట్టి, తర్వాత కాగితం చింపేయండి. వార్తాపత్రిక వద్దు, సిరా అంటుకుంటుంది.

రఫీ మాస్టర్, హైదరాబాద్

కొనడానికి వెళ్ళేటప్పుడు మీరు రోజూ కుట్టే బట్టల ముక్కలు సంచిలో పట్టుకెళ్ళండి. షాపువాళ్ళ దగ్గర గంజి పెట్టినట్టుండే కాటన్ ముక్క ఉంటుంది, దాని మీద ఏ మిషనైనా బాగా కుడుతుంది. మీరు జార్జెట్ రెండు పొరలు, పట్టు మీద లైనింగ్, బనీను ముక్క, జీన్స్ ప్యాంటు అంచు నాలుగు పొరలు ఇచ్చి కుట్టమనండి. పీకో వేయించండి. ఒకే కొలతతో మూడు కాజాలు వరసగా కుట్టించి, మూడూ ఒకేలా ఉన్నాయో లేదో చూడండి. నెమ్మదిగా తొక్కినప్పుడు మందపాటి బట్టలో సూది ఆగిపోతోందా అన్నది మీరే తొక్కి చూడాలి.

చేతుల కింది అంచు, పిల్లల ఫ్రాకు చంక కుట్టేటప్పుడు ఫ్రీ ఆర్మ్ ఉపయోగం. ముందున్న పెట్టె లాగేస్తే సన్నటి చెయ్యి మిగులుతుంది, గొట్టంలాంటి బట్ట దానికి తొడిగి కుట్టొచ్చు. స్విట్జర్లాండ్‌లో ఎల్నా కంపెనీ 1940లోనే చిన్న ఇంటి మిషన్‌కి ఇది పెట్టింది, ఇప్పుడు దాదాపు అన్ని ఇంటి మిషన్లకీ వస్తోంది. కాబట్టి దీని కోసం ఎక్కువ డబ్బు పెట్టాల్సిన పని లేదు. సర్వీసు మీ ఊళ్ళో దొరికే కంపెనీదే తీసుకోండి. తెనాలిలో మెకానిక్ చూడలేని మోడల్ ఎంత మంచిదైనా వద్దు.

పద్మజ, తెనాలి

అందరికీ చేతులెత్తి దండం. మా వారూ నేనూ ఇదంతా చదివి ఒక నిర్ణయానికి వచ్చాం. నల్ల మిషన్ ఉంటుంది. దానికి కన్సీల్డ్ జిప్ ఫుట్, డార్నింగ్ ఫుట్ కొంటున్నాను. పక్కన ఒక్క మెట్టు కాజా, విడివిడి నాబ్‌లు, సూది జరిపే వీలు, పళ్ళు దింపే మీట ఉన్న జిగ్‌జాగ్ మిషన్. పాదం ఒత్తిడి మార్చే ఏర్పాటు కూడా ఉంటే నా బడ్జెట్ దాటుతోంది, అది నల్ల మిషన్‌లో ఉంది కాబట్టి వెల్వెట్, షిఫాన్ దాని మీదే కుట్టుకుంటాను. బ్లౌజుల పని పెరిగితే మాస్టర్ గారు చెప్పిన ఓవర్‌లాక్.

ఒక్క ప్రశ్న మిగిలింది. కొత్తదానికి కూడా నల్ల మిషన్‌కి వేసినట్టు వారం వారం నూనె వేయాలా?

మిషన్ మెకానిక్, బెజవాడ

అన్ని చోట్లా వేయొద్దమ్మా. ఇంటి జిగ్‌జాగ్ మిషన్ల లోపల ప్లాస్టిక్ గేర్లుంటాయి, కొన్ని భాగాలకి కంపెనీలోనే గ్రీజు పెట్టి ఇస్తారు. మిషన్‌తో ఇచ్చే పుస్తకంలో ఎక్కడ చూపించారో అక్కడే వేయండి. బాబిన్ ముందు నుంచి పెట్టే రకమైతే బాబిన్ కేస్, షటిల్ తీసి, దూది దుమ్ము బ్రష్‌తో దులిపి, షటిల్ తిరిగే దారిలో ఒక్క చుక్క వేస్తే చాలు. బాబిన్ పైనుంచి పెట్టే రకమైతే ప్లాస్టిక్ బాబిన్ కేస్‌కి నూనె తగలనివ్వకండి, దులపడమే. నూనె వేశాక ముందు పాత గుడ్డ ముక్క మీద కుట్టి, మరక రావట్లేదని చూసుకుని అప్పుడు కస్టమర్ బట్ట పెట్టండి.